కంప్యూటర్ ల్యాబ్‌లో మౌస్ ఎవరి చేతిలో ఉంది?

పోస్టు కొంచెం పెద్దది. బస్సులో ఉన్నోళ్లు సేవ్ చేసుకుని తర్వాత చదవండి, కానీ చదవండి.

వారం రోజులుగా మన దగ్గర ఒకటే వాదన నడుస్తోంది. పిల్లల చేతికి కంప్యూటర్లు, ట్యాబ్‌లు ఇస్తే క్లాసులో పాఠం వినట్లేదు, రీల్స్ చూస్తున్నారు, గేములు ఆడుతున్నారు, కాబట్టి గట్టిగా కట్టడి చెయ్యాలి అని కొందరు అన్నలు రాశారు. ల్యాబ్ అవసరం ఉన్నప్పుడే తియ్యాలి, మిగతా టైమ్ తాళం ఉండాలి అని ఇంకొందరు రాశారు. వాళ్లలో టీచర్లుగా చేస్తున్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల బాధ నాకు అర్థమైంది. అయినా నా అభిప్రాయం వేరు. అది చెప్పడానికే ఈ పోస్టు.

అదుపు కావాలి. అందులో నాకు గొడవ లేదు. కానీ మన దగ్గర అదుపు అనే మాటకి తాళం అనే అర్థం వచ్చేసింది. తాళం వేస్తే రీల్స్ చూసేవాడు ఆగడు, వాడి జేబులో ఫోన్ ఉంది. ఇంట్లో కంప్యూటర్ లేనివాడు మాత్రం అక్కడే ఆగిపోతాడు. క్లాసులో కంప్యూటర్లు పెట్టుకున్న సార్ అయినా మేడమ్ అయినా ముందు చూడాల్సింది మౌస్ ఎవరి చేతిలో ఉంది అని. స్క్రీన్ మీద ఏముంది అనేది ఆ తర్వాతి సంగతి.

నా గురించి రెండు మాటలు. మాది సీతంపేట వైపు కొండ మీద ఊరు. ముందు శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదట. అమ్మా నాన్నా పోడు, జీడితోట. కాబట్టి నేను చెప్పేది పుస్తకంలోది కాదు, మూడో కుర్చీలో కూర్చుని చూసింది.

మూడో కుర్చీ అంటే ఏటో చెప్తాను. మా ల్యాబ్‌లో రిజిస్టర్ ప్రకారం సిస్టమ్‌లు 24. పనిచేసేవి 14. మా క్లాసులో 42 మందిమి. అంటే ఒక్కో సిస్టమ్‌కి ముగ్గురం. మొదటి కుర్చీలో కూర్చున్నవాడి చేతిలో మౌస్ ఉంటుంది. రెండో కుర్చీలో ఉన్నవాడికి స్క్రీన్ కనిపిస్తుంది. మూడో కుర్చీలో ఉన్నవాడికి ముందున్నోళ్ల భుజాలు కనిపిస్తాయి.

మొదటి కుర్చీ ఎవరిది అని ఎవరూ రాసిపెట్టలేదు, కానీ ఏడాదంతా ఒకరిదే. టౌన్‌లో ఉండేవాడు, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాడు, ఇంటర్ సెలవుల్లో కంప్యూటర్ కోర్సు చేసినవాడు. వాడు చెడ్డోడు కాదు. వాడికి వచ్చు కాబట్టి గబగబా చేసేస్తాడు. సార్ వచ్చి చూస్తే పని అయిపోయి ఉంటుంది. ముగ్గురి పేర్లూ రికార్డులోకి ఎక్కుతాయి, ముగ్గురికీ మార్కులు పడతాయి. అమ్మాయిల సంగతి ఇంకా కనాకష్టం. ముగ్గురిలో ఒక అబ్బాయి ఉంటే మౌస్ దాదాపు ఎప్పుడూ అతని చేతిలోనే. మన ఏజెన్సీ నుంచి వచ్చిన అమ్మాయి అయితే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. "ఏటమ్మా అర్థమైందా" అంటే "అయింది సార్" అంటుంది.

ఒక్క లెక్క చూడండి. పీరియడ్ 50 నిమిషాలు. వారానికి రెండు ల్యాబ్ పీరియడ్‌లు. సెలవులు, పరీక్షలు పోను ఏడాదికి 30 వారాలు అనుకుందాం. 60 పీరియడ్‌లు, 3,000 నిమిషాలు, అంటే 50 గంటలు. ముగ్గురికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి 16 గంటల పైన వస్తుంది. 16 గంటల్లో టైపింగ్, ఫైల్ సేవ్ చెయ్యడం, ఎక్సెల్‌లో కూడికలు, ఒక మెయిల్ పంపడం ఎవరికైనా వచ్చేస్తాయి. పంచకపోతే ఒకరికి 50 గంటలు, ఇద్దరికి సున్నా. సిస్టమ్‌లు అవే, సార్ అదే, కరెంటు బిల్లు అదే.

ఇక అదుపు విషయానికి వస్తాను. చేతిలో పని లేని ఆ ఇద్దరూ 50 నిమిషాలు ఏం చేస్తారు? కాసేపు చూస్తారు, తర్వాత బెంచీ కింద ఫోన్ తీస్తారు. సార్ చూస్తారు. "మీకు కంప్యూటర్లు ఎందుకురా" అంటారు. తర్వాతి వారం ల్యాబ్‌కి తాళం. క్లాసులో అల్లరి అని మనం పిలిచేదాంట్లో సగం ఇలాగే పుడుతుంది. వంతు రానివాడే అల్లరోడు అవుతాడు. వాడికి వంతు ఇవ్వకుండా వాడి మీద నిఘా పెడితే ఏం లాభం?

దీనికి అంత బాధ ఎందుకు, ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్ ఉంది కదా అనొచ్చు. ఫోన్ మీద వేలు జరపడం వేరు, మౌస్ పట్టడం వేరు. మన భవిష్యత్తు అంతా మౌస్ మీదకి వెళ్లిపోయింది. ఈఏపీసెట్ కంప్యూటర్ మీదే. మన విజయనగరంలో 2019లో పెట్టిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో డిగ్రీ సీటు కావాలంటే సీయూఈటీ, అదీ కంప్యూటర్ మీదే. 2025 జూన్ 6 నుంచి జులై 2 వరకు జరిగిన మెగా డీఎస్సీ, 16,347 పోస్టులు, మొత్తం కంప్యూటర్ మీదే రాశారు. గ్రూప్-2లో ఎంపికైనవాళ్లకి కంప్యూటర్ ప్రొఫిషియన్సీ టెస్ట్ వేరేగా ఉంటుంది. తెల్లారి మూడింటికి కొండ దిగి, ఆటో ఎక్కి, బస్సు పట్టుకుని శ్రీకాకుళమో, విజయనగరమో, విశాఖో వెళ్లి సెంటర్‌లో కూర్చున్నాక, అక్కడ మౌస్ మొదటిసారి పట్టుకుంటే ఎలా ఉంటుంది? ప్రశ్నకి జవాబు తెలుసు, బాణం గుర్తు ఎటు పోయిందో తెలీదు. పక్కనోడు ఇరవయ్యో ప్రశ్నలో ఉంటే మనం ఇంకా ఐదులో ఉంటాం. ఆ మార్కులు తగ్గింది చదువు రాక కాదు. డిగ్రీలో మూడేళ్లు మూడో కుర్చీలో కూర్చోవడం వల్ల. మన రిజర్వేషన్ మనల్ని సెంటర్ గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపల మౌస్ మనమే తిప్పాలి.

ఇప్పుడు తాళం ఎందుకు పడుతోందో టీచర్ల వైపు నుంచి కూడా చూడాలి. సార్లు బద్ధకస్తులు, అందుకే ల్యాబ్ తియ్యరు అని కామెంట్లు పెట్టారు. నేను ఒప్పుకోను. ప్రతి సిస్టమూ, ప్రతి మౌసూ స్టాక్ రిజిస్టర్‌లో ఎవరో ఒకరి పేరు మీద ఉంటుంది. ఆడిట్ వస్తే ఆ ఒక్కరే జవాబు చెప్పాలి. మౌస్ పోతే "మీరు ఎవరికి ఇచ్చారు" అని అడుగుతారు. ఏడాదంతా ల్యాబ్ తియ్యకపోతే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఇలాంటి పద్ధతిలో తెలివైన మనిషి ఎవరైనా తాళమే వేస్తారు. అందుకే తాళం తీయించాలంటే సార్‌ని తిట్టడం కాదు, పిల్లలు వాడితే అరిగిపోవడం సహజం, అది నేరం కాదు అని పైనుంచి కాగితం రావాలి. వాడిన గంటల లెక్క కూడా అడగాలి. సిస్టమ్ ఉందా అని ఒక్కటే అడిగితే అట్టపెట్టెలో ఉన్నదీ ఉన్నట్టే.

తాళం ఇనపదే కానక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌ది కూడా ఉంటుంది. 2022 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది అదే తేదీన మన ఏజెన్సీలోనే, అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో, రెండో విడత ఇచ్చారు. బైజూస్ పాఠాలు ముందే వేసి, పాఠాలు తప్ప వేరేవి రాకుండా లాక్ పెట్టి ఇచ్చారు. నేను అప్పటికే ఎనిమిది దాటిపోయాను. మా చెల్లికి వచ్చింది. నెట్ లేని మా ఊళ్లో ఆఫ్‌లైన్‌లో బొమ్మలతో సైన్స్ పాఠం చూడటం చిన్న విషయం కాదు, ఎవరు ఇచ్చారన్న రాజకీయం పక్కన పెట్టి అది ఒప్పుకోవాలి. కానీ లాక్ సంగతి ఏమైంది? మా ఊరి గుంటలు రెండు వారాల్లో తీసేశారు. తియ్యడం రానోళ్లు తీయించుకున్నారు. అది చూసి కొందరు పెద్దోళ్లు ట్యాబ్‌లు బీరువాలో పెట్టేశారు. అంటే ఆ సాఫ్ట్‌వేర్ లాక్ ఓడిపోగానే ఇనప తాళం వచ్చింది. మధ్యలో ఉండాల్సిన మనిషి, అంటే ఏ పాఠం ఎప్పుడు ఎంతసేపు చూడాలో, చూశాక నోటుబుక్కులో ఏం రాయాలో చెప్పే టీచర్, ఆ రెండు తాళాల్లోనూ లేరు. 2024 జులైలో ఆ పాఠాలు ఇచ్చిన కంపెనీయే దివాలా కేసులోకి వెళ్లింది. కంపెనీలు వస్తాయి, పోతాయి. క్లాసు నడిపే పద్ధతి టీచర్ దగ్గర ఉంటే అది పోదు.

తాళం వద్దన్నాను కదా అని స్క్రీన్ వల్ల నష్టం లేదు అనట్లేదు. ఉంది. 2013లో కెనడాలో ఒక పరిశోధన చేశారు. క్లాసు జరుగుతుంటే ల్యాప్‌టాప్‌లో వేరే పనులు కూడా చేసిన విద్యార్థులకి, పాఠం మీద పెట్టిన పరీక్షలో 11 శాతం తక్కువ వచ్చింది. ఇంకో ప్రయోగంలో, తను ఏమీ చెయ్యకుండా అలాంటి స్క్రీన్ కనపడే చోట కూర్చున్న వాళ్లకి 17 శాతం తక్కువ వచ్చింది. అంటే ఒకడు రీల్ చూస్తే వాడి కంటే వెనక కూర్చున్నవాడు ఎక్కువ మునిగినా మునగొచ్చు. కాబట్టి "వాడి ఇష్టం, వాడి నష్టం" అనే మాట క్లాసులో చెల్లదు. అదుపు ఉండాల్సిందే.

అలాగని మిషన్లు పంచేస్తే చదువు వచ్చేస్తుందా అంటే అదీ లేదు. దక్షిణ అమెరికాలో పెరూ దేశం ఉంది, అక్కడా కొండల్లో మనలాంటి ఆదివాసీ ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడి పల్లె బడుల్లో పిల్లలకి తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. 319 బడుల్లో లెక్క చూసి 2012లో ఫలితం బయటపెట్టారు. లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన జాడ లేదు. మిషన్ వెళ్లింది, దాంతో పాఠం ఎలా చెప్పాలో చాలినంత నేర్పడం వెళ్లలేదు. తాళం వేసి ఉంచినా, ఊరికే పంచేసినా, రెండు చోట్లా తప్పిపోయింది ఒకటే, క్లాసు నడిపే పద్ధతి.

ఆ పద్ధతి ఎలా ఉండాలి అన్నదానికి నాకు తోచినవి, మా సీనియర్లు, ఇద్దరు ముగ్గురు మంచి టీచర్లు చేస్తుండగా చూసినవి రాస్తున్నాను. ఇవేవీ డబ్బులతో పని కాదు.

1) వంతుకి గంట కొట్టాలి. ఫోన్‌లో టైమర్ పెట్టి పదిహేను నిమిషాలకోసారి ముగ్గురూ కుర్చీలు మారాలి. మౌస్ పట్టినవాడు సొంతంగా ఏమీ చెయ్యకూడదు, రెండోవాడు చెప్పింది చెయ్యాలి. మూడోవాడు స్టెప్పులు నోటుబుక్కులో రాయాలి. అప్పుడు ముగ్గురికీ పని ఉంటుంది. మొదటి వంతు ఎప్పుడూ ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లకే. చివరి వంతు పెడితే కరెంటు పోతుంది, లేకపోతే బెల్ కొట్టేస్తారు. మనకి అనుభవమే.

2) సాయం నోటితో చెయ్యాలి, చేత్తో కాదు. "ఇటియ్యి నేను చేస్తాను" అని మౌస్ లాక్కోవడం ల్యాబ్‌లో నిషేధం అని గోడ మీద రాసిపెట్టాలి. ఈ రూల్ సార్లకి కూడా వర్తించాలి. సార్ వంగి రెండు క్లిక్కులు కొట్టి వెళ్లిపోతే పని అవుతుంది, మనకి రాదు.

3) సార్ వెనక నిలబడాలి. ముందు నిలబడితే ఆయనకి కనిపించేది మానిటర్ వీపు. కుదిరితే టేబుళ్లు గోడ వైపు తిప్పాలి, అప్పుడు గది మధ్యలో నిలబడితే అన్ని స్క్రీన్‌లూ కనిపిస్తాయి. వేల రూపాయల నిఘా సాఫ్ట్‌వేర్ చేసే పని ఇది ఒక్క రోజులో చేస్తుంది.

4) సార్ మాట్లాడేటప్పుడు స్క్రీన్ ఆపాలి. మానిటర్ బటన్ నొక్కాలి, ల్యాప్‌టాప్ అయితే మూత సగం వెయ్యాలి, ట్యాబ్ అయితే బోర్లా పెట్టాలి. రెండూ ఒకేసారి నడిస్తే ఎవరూ వినరు, పెద్దోళ్లు కూడా వినరు.

5) సిస్టమ్ ఆన్ చెయ్యకముందే ఈరోజు పని బోర్డు మీద ఉండాలి. "ప్రాక్టీస్ చేసుకోండి" అనేది పని కాదు. "మీ ఊళ్లో పది ఇళ్ల జీడిపిక్కల లెక్క ఎక్సెల్‌లో వేసి, మొత్తం తీసి, మీ పేరు మీద సేవ్ చెయ్యండి" అంటే అది పని. తొందరగా అయిపోయినోళ్లకి రెండో పని కూడా రాసి ఉండాలి. ఖాళీ దొరికినప్పుడే గేమ్ తెరుచుకుంటుంది.

6) నెట్ పని ఉన్నప్పుడే ఆన్ చెయ్యాలి. రోజూ అక్కర్లేదు. సగం నేర్చుకోవాల్సినవి నెట్ లేకుండానే వస్తాయి.

7) సార్ లేకపోయినా ల్యాబ్ తెరిచే ఏర్పాటు ఉండాలి. ఇద్దరు విద్యార్థులు, అందులో ఒకరు అమ్మాయి, నెలకోసారి మారుతూ, సాయంత్రం గంటసేపు లాగ్ పుస్తకం పెట్టుకుని తెరవొచ్చు. ఎవరు ఏ సిస్టమ్ మీద ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కూర్చున్నారో సంతకం ఉంటుంది. ఏదైనా పాడైతే ఎవరిని అడగాలో తెలుస్తుంది, సార్ ఒక్కరి మెడకే చుట్టుకోదు.

ఇంకొక్క విషయం, భాష. మన డిగ్రీలు ఇంగ్లీష్ మీడియం అయిపోయాయి. సిస్టమ్ మీద కనిపించేదంతా ఇంగ్లీషే. సవర, జాతాపు, గదబ, కొండదొర ఇళ్ల నుంచి వచ్చినవాడికి తెలుగే రెండో భాష అయిన చోట్లు ఉన్నాయి. "రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లు" అని ఒక్కసారి గబగబా చెప్పేస్తే, అర్థం కానివాడు ఏదో ఒకటి నొక్కుతాడు. "ఏటిరా చేశావ్" అంటే "నానేటీ నొక్కలేదు సార్, దానికదే పోనాది" అంటాడు. అది అల్లరి కాదు, భయం. వాడు మళ్లీ మౌస్ ముట్టుకోడు. సార్లు దీన్ని క్రమశిక్షణ సమస్యగా చూడకూడదు.

మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో టీచర్‌గా ఉంటూ, సవర పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తను సవర నేర్చుకోవాలని నేర్చుకున్నారు. సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. వందేళ్ల కిందట ఒక టీచర్ చేసిన పని అది. 1936లో మంగేయ్ గొమాంగో తయారుచేసిన సవర లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది, అంటే ఆ అక్షరాలు ఇప్పుడు కంప్యూటర్ మీద కూడా రాయొచ్చు. మన భాష మిషన్‌లోకి వెళ్లిపోయింది, మన పిల్లలే ఇంకా మూడో కుర్చీలో ఉన్నారు. కనీసం మొదటి నెల మౌస్, కీబోర్డ్, సేవ్, ఫోల్డర్, ఈ నాలుగు మాటలు తెలుగులో, వీలైతే సవరలో, మన సీనియర్లతోనే చెప్పించండి.

చివరిగా అడిగేది ఇది. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు, మీరు టీచర్లు అయితే రేపటి క్లాసులో ఒక్కటి చేసి చూడండి, పదిహేను నిమిషాల గంట. ఫలితం ఇక్కడ రాయండి, పని చెయ్యకపోయినా రాయండి. హాస్టల్‌లో, కాలేజీలో, గురుకులంలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, కామెంట్‌లో నాలుగు అంకెలు పెట్టండి. మీ దగ్గర సిస్టమ్‌లు ఎన్ని, పనిచేసేవి ఎన్ని, వారంలో ల్యాబ్ ఎన్ని గంటలు తెరుస్తారు, అందులో మీ చేతిలో మౌస్ ఎంతసేపు ఉంది. సంస్థ పేరు, సార్ పేరు రాయొద్దు, ఎవరినీ బజారున పెట్టడం మన పని కాదు, మండలం పేరు చాలు. ఆ లెక్కలన్నీ ఒక కాగితం మీద పెట్టి సోమవారం గ్రీవెన్స్‌లో సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏ పీవో గార్లకి ఇద్దాం. కొత్త కంప్యూటర్లు అడగొద్దు, అడిగితే బడ్జెట్ లేదంటారు. ఉన్నవాటికి వాడిన గంటల లెక్క అడుగుదాం, అరుగుదలకి టీచర్ జేబులోంచి కట్టించొద్దని అడుగుదాం.

నాకు ఇంకో ఏడాది పైన డిగ్రీ ఉంది. నా వెనక మా చెల్లి వస్తోంది. దానికి మూడో కుర్చీ వద్దు.